పాలమ్మ అడిగిన పాలు

ఈ భూమండలంలో తోడేలుగుట్ట పాలమ్మ క్షేత్రానికి సాటి రాగల క్షేత్రం మరొకటి లేదు. మన మండలంలో మాత్రం రెండున్నాయి. వాటికి బస్సు సౌకర్యం కూడా కలదు. పాలమ్మను దర్శించగోరే భక్తులు ఆటో దిగి, తుమ్మచెట్ల నడుమ బాట పట్టి, ఆయాసపడుతూ గుట్ట ఎక్కాలి. గుడి ముందు రాతితో చెక్కిన జంతువు కనిపిస్తుంది. అది కుక్క కాదు, తోడేలు. దయచేసి బిస్కెట్లు పెట్టవద్దని మనవి. గర్భగుడిలో పసుపు పూసిన గుండురాయే అమ్మవారు. ఆమె తలపైన వేలాడేది ఒక పొట్టేలి మెడగంట. అమ్మవారి గుడిలో పొట్టేలి గంటకేం పని అని అడిగేవారి కోసమే ఈ కథ.

పూర్వం ఇక్కడ గుట్ట చుట్టూ ఆమడ దూరం పచ్చికబయలు ఉండేది. బొమ్మలింగడనే కురుబ కాపరి భార్య సిద్దవ్వతో కలిసి అక్కడ గొర్రెలు మేపుకొని బతికేవాడు. లింగడికి లోకంలో ఇద్దరంటే ప్రాణం. ఒకరు సిద్దవ్వ, రెండోవాడు సుక్కడనే పొట్టేలు. వరుస తారుమారైందని సిద్దవ్వ అనేది. తల్లి చచ్చిన సుక్కడిని తన కంబళిలోనే పడుకోబెట్టుకొని పెంచి, మెడకు కంచుగంట కట్టాడు లింగడు.

ఏటా తోడేళ్ళు మందలోంచి రెండో మూడో పిల్లల్ని ఎత్తుకుపోయేవి. ఒక ఏడు లింగడికి తిక్క రేగింది. చుట్టుపక్కల కాపరులందరినీ పోగేసి, డప్పులు కొట్టించి, గుహల్లో పొగ పెట్టించి, గుట్టమీది తోడేళ్ళన్నింటినీ వాగు అవతలికి తరిమేశాడు.

ఆహా, ఆ తరువాతి సంబరం చూడాలి! మంద రెట్టింపైంది. కావలి కుక్కలు పగలూ రాత్రీ కాళ్ళు చాపుకొని నిద్రపోయాయి. అయితే పెరిగింది మంద ఒక్కటే కాదు. జింకలు పెరిగాయి. కుందేళ్ళు మరీ పెరిగాయి. కుందేలు పెళ్ళికి ముహూర్తం చూడదు కదా! తరిమేవాడు లేడని తెలిసి, పట్టపగలే గొర్రెలతో పంక్తిలో కూర్చొని మేశాయి. గడ్డి మోడైంది, మోడు వేరైంది, వేరు దుమ్మైంది. రెండో ఎండాకాలానికి గొర్రెల డొక్కలు లోపలికి పోయాయి. ఈనిన గొర్రె పాలు లేక తన పిల్లనే తన్నేది. ఇంకొక్క వేసవి ఇలాగే గడిస్తే మందా ఉండదు, కాపరి బతుకూ ఉండదు.

ఆ దిగులుతో ఒక మిట్టమధ్యాహ్నం లింగడు గుట్ట నీడన కునుకు తీయగా, కలలో పసుపు ముఖపు తల్లి ఒకామె కనిపించింది. "నా బిడ్డల పాలు నా బిడ్డలకు ఇయ్యి లింగా, నీ మందను నేను చూసుకుంటా" అన్నది.

లింగడు గంతేసి లేచాడు. పాలే కదా! ఉన్న నాలుగు చుక్కలూ పిండి చెంబుతో గుట్టమీద పోశాడు. చీమలు తాగాయి. మరునాడూ పోశాడు. అడవిపిల్లి తాగి మూతి నాక్కుంది. మళ్ళీ కలలోకి వచ్చిన తల్లి, "పాలు అడిగితే పాలు పోస్తావేమిరా!" అని విసుక్కొని మాయమైంది.

లింగడు తల పట్టుకొని ఇంటికి పోయాడు.

"పాలు అడుగుతాది, పోస్తే కోపమంటాది. దేవుండ్లు కూడా ఇట్ల చేస్తే ఎట్ల సిద్దీ?"

సిద్దవ్వ సంగటి గెలకడం ఆపింది. "మీ నాయన పోయినాక, నా పాలు నాకు పంచు అని మీ అన్నతో కొట్లాడితివే. ఆ పొద్దు చెంబు పట్టుకోని పోయింటివా?"

"లేదు. మందలో సగం..." అని లింగడు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు.

"నోరు మూయి, ఈగ పోతాది. ఆయమ్మ అడిగింది భాగం. వాగవతలికి తరిమితివే, ఆ బిడ్డల భాగం."

భాగం సరే, ఏ గొర్రెను ఇవ్వాలి? లింగడు మందంతా గాలించి, పళ్ళూడి, కుంటుతూ, గాలి వీస్తే పడిపోయే ముసలిదాన్ని ఒకదాన్ని తెచ్చి, వాగు ఒడ్డున కట్టి, భక్తిగా దండం పెట్టి వచ్చాడు. తెల్లవారి చూస్తే ముసలిది ఉన్నచోటనే నిలబడి నెమరు వేస్తున్నది. మందలో సుక్కడు లేడు.

లింగడు కర్ర పట్టుకొని, ఏడుస్తూ, అమ్మనూ అమ్మ బిడ్డలనూ కలిపి తిడుతూ, నెత్తుటి జాడ వెంట గుట్ట ఎగబాకాడు. ఒక గుండురాయి ముందు కంచుగంట పడి ఉంది. రాయి కింద గుహ. వాగు దాటి ఎప్పుడు తిరిగివచ్చిందో గానీ, గుహ వాకిట ఎముకల గూడులాంటి ఆడతోడేలు పడుకొని పిల్లలకు చన్నిస్తున్నది. లింగడు కర్ర ఎత్తాడు. అది పళ్ళు బయటపెట్టింది గానీ లేవలేదు. పిల్లలు తలైనా తిప్పలేదు. గుటకల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. తాను దాచుకున్న పాలే అక్కడ పాలై పారుతున్నాయని లింగడికి అప్పుడు తెలిసింది. ఎత్తిన చెయ్యి దిగింది.

"తాగండి నాయనా" అని, గంటను రాయిమీద పెట్టి, చెంపలు వేసుకున్నాడు. ఆ రాయే పాలమ్మ.

ఆపైన వానలు పడ్డాయి. కుందేళ్ళకు పోయిన భయం తిరిగి వచ్చింది. ఒకచోట కూర్చొని వేరుదాకా కొరికే తీరిక పోయింది. అవి పరుగు తీసిన చోటల్లా గడ్డి లేచింది. అలాగని తోడేళ్ళు గుట్ట నిండిపోయాయా? అదీ లేదు! కుందేళ్ళు తగ్గిన ఏడు తోడేలుకు ఒకటో రెండో పిల్లలే దక్కేవి. తోడేళ్ళు తగ్గగానే కుందేళ్ళు మళ్ళీ తోక ఎత్తేవి. కాపరులు దీన్ని 'అమ్మ ఊపే ఉయ్యాల' అంటారు. లింగడి మంద మునుపటికన్నా చిన్నదే, కానీ ప్రతి డొక్కా నిండింది.

నేటికీ ఈ చుట్టుపక్కల తోడేలు గొర్రెను పట్టుకుపోతే కాపరి తిట్టడు. "అమ్మ పాలు అమ్మకు పోయింది" అని బెల్లం పంచుతాడు. తోడేళ్ళు పిల్లలు పెట్టే కాలంలో గుహల వైపు ఎవరూ అడుగు వేయరు. మాఘమాసపు జాతరలో ఒక గొర్రెను విడిచిపెట్టి, "రావే తల్లీ, నీ పాలు తీసుకోవే" అని గుట్ట అదిరేలా పిలుస్తారు. పాలమ్మను కొలిస్తే మందకు రోగం రాదని, ఆస్తి పంపకాల్లో కొట్టుకునే అన్నదమ్ములు ఇక్కడ బెల్లం పంచుకుంటే రాజీ పడతారని గట్టి నమ్మకం.

ఇక చెప్పకూడదనుకున్నా చెప్పక తప్పని మాట ఒకటి. మొన్నటి జాతరలో పిలుపు విని అమ్మ బిడ్డ నిజంగానే వచ్చింది. పిలిచిన భక్తులందరూ గర్భగుడిలోకి దూరి గడియ పెట్టుకున్నారు. అమ్మవారికే నిలబడ చోటు లేకపోయింది. తోడేలు ఎవరినీ పట్టించుకోకుండా తన పాలు తాను తీసుకొని గుట్టెక్కింది. లోపలినుంచి "పోయిందా?" అని మొదట అడిగిన గొంతు పూజారిగారిది. "ఇంకాసేపు ఉందాం స్వామీ" అన్నది ఈ పుస్తకం రాసినవాడిది.