గడ్డి మొలవని దిబ్బ

గోదారి సముద్రంలో కలిసేచోట ఓ చిన్న లంక. అందులో నీటికుక్కలు, పీతలు, నాలుగు గేదెలు కాపురముంటాయి. సర్పంచి నూకాలు అనే ముసలి తాబేలు. నడక నిదానమే గానీ, పట్టిన పట్టు వదిలే రకం కాదు. ఆ ఏడాది ఆవిడ బెంగంతా ఒక్కటే. లంకలో పనుల్లేక నీటికుక్కల పిల్లలు ఒక్కొక్కరే గట్టు దాటి వలసపోతున్నారు. ఇంకో రెండేళ్ళు ఇలాగే సాగితే ఊళ్ళో ముసలివాళ్ళు తప్ప ఎవరూ మిగలరు.

అలాంటి రోజుల్లో, ఓ అష్టమి నాడు కామేశం అనే నక్క పడవ దిగాడు. మెడలో కండువా, మొహం నిండా నవ్వు.

"సర్పంచ్ గారూ, మీ లంక బంగారమండీ! ఇక్కడో విడిది కట్టానంటే పట్నం కుందేళ్ళూ మేకలూ ఎగబడి వస్తాయి. మీ ఊరి దశ తిరిగిపోతుంది."

"మంచిదే బాబూ. మరి పనులు మావాళ్ళకిస్తావా?"

"మీవాళ్ళకేం తెలుసండీ? అతిథి ఎదురైతే వంగి దణ్ణం పెట్టడం కూడా రాదు. నా మనుషులు నాకున్నారు."

పక్కనే ఉన్న నీటికుక్క పోలయ్యకి ఒళ్ళు మండింది. నూకాలు కళ్ళతోనే ఆపింది.

"అయితే విను. మా ఊరి నేల మీద ఏది కట్టినా రెండు షరతులు. సగానికి పైగా పనులు మావాళ్ళకివ్వాలి. రెండోది, కట్టబోయే చోట ముందు గుంజ పాతి, పున్నమి దాటేదాకా ఆగాలి. గుంజ తడవకపోతేనే పునాది తియ్యాలి. మా తాతలనాటి పద్ధతి."

"గుంజ పాతి, గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?" కామేశం పకపకా నవ్వాడు. "ఇంతకీ మీ ఊరి నేల ఎక్కడిదాకా?"

"గడ్డి మొలిచినంత మేరా."

నక్క కళ్ళు నాలుగు వైపులా తిరిగాయి. దక్షిణం కొసన తెల్లటి ఇసుక దిబ్బ ధగధగలాడుతోంది.

"అదిగో, ఆ దిబ్బ మీద గడ్డిపోచ లేదు. అంటే మీది కాదు, మీ షరతులూ చెల్లవు. అక్కడే కట్టుకుంటా!"

"మాది కాదన్న మాట నిజమే. గుంజ మాత్రం పాతి చూసుకో నాయనా, నీ మంచికే చెబుతున్నా."

"సలహాలు మీ పీతలకి చెప్పుకోండి," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆరు రోజుల్లో గట్టు అవతలి నక్కలు దిగి ఇరవై తాటాకు పాకలు లేపాయి. లంకలో గొణుగుడు మొదలైంది. ముసల్ది కాస్త మెత్తబడుంటే మనకీ నాలుగు పనులు దొరికేవని నూకాలు మొహానే అనేశారు. ఆ మాట ఆవిడకి చురుక్కుమంది. అయినా షరతు సడలించలేదు. పున్నమికి ముందురోజు మళ్ళీ వెళ్ళి చెప్పబోతే, నీటి ముప్పుందన్న మాట వినీ వినకుండానే కామేశం గేటు వేయించాడు.

పున్నమి పొద్దున్న ఎనభై మంది అతిథులు దిగారు. నూకాలు పోలయ్యని కేకేసింది.

"ఒరే, తాటి దోనెలన్నీ దక్షిణం రేవుకి చేర్చు."

"మనకి పనివ్వనన్నోడికి మనం సాయం చెయ్యాలా అప్పా?"

"వాడికోసం కాదురా. ఆ కుందేళ్ళేం పాపం చేశాయి? మన లంక చూద్దామని వచ్చినోళ్ళు. ఒక్కరికేమైనా అయితే ఇంకెవరూ ఇటు తొంగిచూడరు. నడు."

కామేశం రిబ్బను కత్తిరించబోతుండగా పోటు తగిలింది. అతిథుల పాదాలు తడిశాయి.

"కాళ్ళు కడిగే ఏర్పాటండీ, మా ప్రత్యేకం!" అన్నాడు, తడుముకోకుండా.

నీళ్ళు మోకాళ్ళకెక్కాయి. మేకలు గోలెత్తాయి. పాకలు ఒక్కొక్కటే తేలి, సముద్రం దారి పట్టాయి. వంగి దణ్ణాలు పెట్టే నక్కలు అందరికన్నా ముందు పరుగు లంకించుకున్నాయి. నీటికుక్కలు దోనెలు తోసుకొచ్చాయి. ఎక్కడ లోతో, ఎక్కడ సుడో వాటికి పుట్టినప్పట్నుంచీ తెలుసు. ఎనభై మందినీ చిన్న గీత పడకుండా ఒడ్డుకు చేర్చాయి.

చివరి దోనెలోంచి కామేశం వణుకుతూ దిగాడు. "కాస్త గట్టిగా చెప్పొచ్చు కదండీ!"

"రెండుసార్లు చెప్పా. ఆ దిబ్బ మీద గడ్డెందుకు మొలవదో నువ్వొక్కసారైనా అడిగావా? నువ్వు చూసింది అష్టమి నాడు, అప్పుడు పోటు అంతెత్తు లేవదు. పున్నమికీ అమావాస్యకీ ఉప్పునీళ్ళు ముంచేస్తుంటే ఏం మొలుస్తుంది?"

ఆ మధ్యాహ్నం అతిథులు నీటికుక్కల ఇళ్ళలోనే చిలగడదుంపలు తిన్నారు. ఓ పెద్ద మేక చెయ్యి కడుక్కుంటూ, "వచ్చే నెల మా మందంతా మీ ఇళ్ళకే వస్తాం," అంది.

"మందంతా వద్దమ్మా. మా చెలమ నీళ్ళు నలభై మందికి సరిపోతాయి. నలభై మందే రండి, మిగతావాళ్ళు ఆ పై నెల."

దోనెలు నీటికుక్కలకి, వసతి పీతలకి, బళ్ళు గేదెలకి అని నూకాలు అక్కడికక్కడే తేల్చేసింది. వలసపోయిన పిల్లలకి ఆ పూటే కబురు వెళ్ళింది.

ఇదంతా చూసి కామేశానికి మళ్ళీ హుషారొచ్చింది. "సర్పంచ్ గారూ, ఇప్పుడు మీవాళ్ళందరికీ నేనే ఉద్యోగాలిస్తా! ఒక్క సంతకం..."

"ఇప్పుడు ఉద్యోగాలిచ్చేది మేము," అంది నూకాలు. "నీకేమైనా కావాలంటే అడుగు."

నక్క అటూ ఇటూ చూశాడు. తడి తోక పిండుకున్నాడు.

"ఏదైనా పనుందాండీ?"

"పోలయ్యనడుగు. మావాళ్ళందరూ చేరాక మిగిలితే ఇస్తాడు."

నీతి: ఊరివాళ్ళని పక్కన పెట్టి ఊరిని బాగుచేస్తానని బయల్దేరినవాడు, చివరికి ఆ ఊరివాళ్ళ దయతోనే ఒడ్డెక్కాలి.