హజ్రత్ మోకాళ్లు

మునీర్‌కు కుదురు పోయింది. తన గురువు హజ్రత్ నూరుద్దీన్ షా నేలకు నుదురు ఆనించలేక, కుర్చీలో కూర్చుని నమాజు చేసిన రోజు నుంచీ అతని మనసు మనసులో లేదు.

మోకాలి కీళ్లు అరిగాయన్నాడు నంద్యాల డాక్టరు. తొడ కండరాలు గట్టిపడాలి, రోజూ దగ్గరుండి కసరత్తు చేయించు, అప్పటికీ కాకపోతే కీలు మార్చడం గురించి ఆలోచిద్దాం అని మునీర్‌కు చెప్పి పంపాడు.

ఇంతేనా అనుకున్నాడు మునీర్.

ధ్యానానికి కూర్చుంటే ఆ మోకాళ్లే కళ్లముందు ఆడేవి. లేచి ఫోను తీసేవాడు. ఒకరోజు, మన రక్తాన్నే తీసి, గిర్రున తిప్పి వేరుచేసి, మోకాలిలోకి ఎక్కించే సూది. ఇంకోరోజు, నొప్పిని మోసే నరాన్ని వేడితో మొద్దుబార్చడం. మరోరోజు, అరిగిన మృదులాస్థిని ప్రయోగశాలలో పెంచే ప్రయత్నాల వార్త. ప్రతిదానికీ ఆశపడేవాడు. తెల్లారేసరికి దాన్ని మించింది ఇంకొకటి కనిపించేది. దేనికోసమూ మళ్లీ డాక్టరు గడప తొక్కింది లేదు. కసరత్తు సంగతి మరిచే పోయాడు.

ఆ మధ్యాహ్నం దర్గా వెనక గదిలోకి పరుగున వచ్చాడు. హజ్రత్ చాప మీద కూర్చుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టుకుని, పంటి బిగువున కాలు ఎత్తి దించుకుంటున్నారు.

"హజ్రత్, రోబో సాయంతో కీలు మారుస్తున్నారట. అదీ వద్దు లెండి. దానికంటే కొత్తది..."

"మునీర్, చెయ్యి ఇలా ఇవ్వు."

అతని అరచేతిని తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నారు. మెల్లగా కాలు చాపారు.

చేతి కింద గరగరమంది, తిరగలిలో ఇసుక పడ్డట్టు. మునీర్ చెయ్యి లాక్కోబోయాడు. ఆయన వదల్లేదు. మళ్లీ ముడిచి, చాపారు. ముఖంలో మార్పు లేదు. నుదుట మాత్రం చెమట పట్టింది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అడిగాడు మునీర్.

"నువ్వు వెతకడం మొదలుపెట్టక ముందు నుంచీ."

మునీర్ ఆయన మడమ కింద చెయ్యి వేసి, కాలు ఎత్తడానికి సాయం పట్టాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"మరి ఆ కొత్త వైద్యం?" అన్నాడు చివరికి, చిన్న గొంతుతో.

"రేపు వెళ్లి డాక్టరునే అడుగుదాం. పనికొస్తుందంటే చేయించుకుంటాను," అన్నారు హజ్రత్. "ఇప్పుడు రెండో కాలు పట్టుకో."