పనసదుంగ మీద రెక్కల పురుగు

అనగనగా వీణలు చేసే ఊరొకటుండేదిట, చిట్టితల్లీ. ఆ ఊళ్ళో సోమలింగాచారి అని పేరుమోసిన పనివాడు. ఆయన మనవరాలు వరహాలు. పదేళ్ళ పిల్లే గానీ, ఏ వస్తువైనా కళ్ళప్పగించి చూసేది.

వరహాలు పుట్టిన రోజే తాత ఒక పనసదుంగ తెచ్చి కొట్టు మూల ఆరబెట్టాడు. "ఇది నా మనవరాలి వీణకి" అన్నాడు. పనస ఎంత ఆరితే వీణ అంత బాగా పలుకుతుంది మరి. పదేళ్ళూ దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

అలా ఉండగా తొలకరి పడింది. తెల్లారేసరికి దుంగ చుట్టూ రెక్కల పురుగులు! ఆ మూల ఏటా చీమలకి రెక్కలొస్తాయి. వాళ్ళింట్లో వాటిని తోలరు. బియ్యప్పిండీ, బెల్లంపొడీ చల్లి దణ్ణం పెడతారు. ఆ ఏడూ చీమలే అనుకుని అలాగే చల్లారు. కానీ ఒక్క పురుగూ బెల్లం ముట్టలేదు. అది వరహాలు ఒక్కతే చూసింది.

అప్పుడు అమ్మ దగ్గరికి పరిగెత్తింది. "అమ్మా, చీమకి నడుం సన్నం కదా? వీటికి నడుమే లేదు, ఒళ్ళంతా ఒకటే లావు!"

"తిని బలిశాయిలేవే" అని అమ్మ నవ్వేసింది.

ఆ తర్వాత నాన్న దగ్గరికి వెళ్ళింది. "నాన్నా, చీమ మీసం మోచెయ్యిలా వంగి ఉంటుంది. వీటిది తిన్నగా, పూసలు గుచ్చినట్టుంది."

"చీమల మీసాలు చూసే పని నీకెవరు చెప్పారే?" అన్నాడు నాన్న. వరహాలికి ఏడుపొచ్చింది. ఇవి చెక్క తినే పురుగులైతేనో? దుంగ పోతే వీణ పోయినట్టే కదా!

అయినా ఊరుకుందా మన పిల్ల? పెరట్లో దొరికిన ఒక రెక్కల చీమనీ, ఈ పురుగునీ తెల్లగుడ్డ మీద పక్కపక్కన పెట్టి తాత ముందు పరిచింది. "చూడు తాతా. చీమకి ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి. దీనికి నాలుగూ సమానం, ఒంటికంటే పొడుగు. ఇది చీమ కాదు తాతా, చెద."

తాత ఒంగి చూశాడు. గబగబా వెళ్ళి దుంగ దొర్లించాడు. అడుగునంతా చెదమన్ను! ఉలి పెడితే పైచెక్క పొట్టులా రాలింది. తాత ఇంకా చెక్కాడు. లోపల చేవ పసుప్పచ్చగా, గట్టిగా ఉంది. వేలితో కొడితే ఖంగుమంది.

"చేవ దాకా రాలేదు. ఇంకొన్నాళ్ళయితే దక్కేది కాదు" అన్నాడు తాత.

ఆ ఇంట్లో ఆడపిల్లలు వీణ వాయించడమే గానీ ఉలి పట్టింది లేదు. తాత తన ఉలి తీసి వరహాలు చేతిలో పెట్టాడు. "ముందు చూడ్డం రావాలమ్మా, అది నీకొచ్చు. చెక్కడం నేను నేర్పుతాను. నీ వీణ నువ్వే చేసుకో."

చేసింది! ఆ వీణ మోగాక ఊళ్ళో ఎవరూ ఆయన్ని సోమలింగాచారి అనలేదుట. "వరహాలు తాతగారూ!" అనేవారు. ఆ పిలుపు వినడానికే ఆయన రోజూ సంత దారిన చుట్టు తిరిగి నడిచేవాడు.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
మనమేమో ఇంటికి.