పెరుగు కొట్టులో కొసరు గోల

కళ్లం పక్క పాకలో ఉండే ఎద్దు కోటయ్యది ఒకటే పని, కొత్తగా వ్యాపారం పెట్టుకునే జంతువులకు దారి చూపించడం. గాడిదకు మూటలు మోసే బేరాలు కుదిర్చాడు, చీమల చేత గింజల కొట్టు పెట్టించాడు. వాళ్లంతా బాగుపడ్డారు. ఆయన ప్రాణం తోడేసింది మాత్రం పెరుగు కొట్టు పెట్టిన గేదె నల్లమ్మే.

కొట్టు పద్ధతి తేలిక. పచ్చగడ్డి మోపు తెస్తే ముంతెడు పెరుగు. ఆ గడ్డి తింటేనే నల్లమ్మకు పాలు, పాలుంటేనే మర్నాడు కొట్టు. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత నక్క జంబయ్య దిగబడ్డాడు.

గుప్పెడు గడ్డి పడేసి, గరిటెడు పెరుగు పోయించుకుని, "కొసరెయ్యి వదినా" అంటూ కుండ ముందుకు తోసేవాడు. పైగా ఉచిత సలహా ఒకటి. కొసరు ఎంత ఎక్కువేస్తే కొట్టుకు అంత పేరట, పక్క ఊరి మందలు కూడా కట్టకట్టుకుని వస్తాయట. నల్లమ్మ మురిసిపోయి కుండ నింపేసేది. అది చూసి పిల్లీ కుక్కా కూడా గుప్పెడు గడ్డితోనే రావడం మొదలుపెట్టాయి.

కోటయ్య చెప్పాడు. మళ్లీ చెప్పాడు. వచ్చేదెంతో పోయేదెంతో చూసుకోవే తల్లీ అని నోరు నొప్పి పుట్టేలా మొత్తుకున్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపడం, తెల్లారితే మళ్లీ కుండ నింపడం. చివరికి డొక్కలెండిపోయి, పాలు తగ్గిపోయి, కొట్టు మూసేస్తానని కళ్లనీళ్లు పెట్టుకుంది. కోటయ్యకు ఒళ్లు మండిపోయింది. ఈ సలహాలు చెప్పే పని కంటే నాగలి లాగడమే నయమనిపించింది.

"మూసేద్దువుగాని. ఒక్కటి చెప్పు. కొసరు అడిగే హక్కు జంబయ్యకేనా?"

"అదేంటి మావా, బేరమన్నాక ఇద్దరికీ..." అంటూ నల్లమ్మ ఆగిపోయింది. నెమరువేయడం కూడా మరిచిపోయింది.

"ఇప్పటికి ఎక్కింది బుర్రకి" అని కోటయ్య విసుగ్గా తోక విదిలించాడు.

మర్నాడు కొట్టు కిటకిటలాడుతోంది. జంబయ్య ఎప్పట్లాగే కుండ తోశాడు. నల్లమ్మ గరిట ఎత్తి పట్టుకుంది.

"తప్పకుండా వేస్తాను మరిదీ. మరి నా గడ్డికి కొసరేది?"

"గడ్డికి కొసరేంటి వదినా?"

"కొసరేసేవాళ్లకే పేరని నువ్వేగా చెప్పావు. నేను కుండెడు వేస్తుంటే, నువ్వు నాలుగు మోపులైనా వెయ్యొద్దూ? నలుగురిలో నీ పేరేం కాను?"

పిల్లి ముసిముసిగా నవ్వింది. కుక్క తన గుప్పెడు గడ్డి వెనక్కి దాచుకుని మోపు కోసం పొలం గట్టుకు పరిగెత్తింది. కాదంటే పరువు పోయేలా ఉందని జంబయ్యా కదిలాడు. పొద్దుగూకేదాకా పళ్లతో గడ్డి కొరికి, నాలుక కోసుకుని, మూతి వాచిపోయి, అతికష్టం మీద ఒక్క మోపు తెచ్చి దించాడు. నల్లమ్మ అందరికీ పోసినట్టే ముంతెడు పోసింది. మంట పుట్టి అదీ తాగలేకపోయాడు పాపం.

ఎవరి సలహా అయినా వినేముందు, దాంతో ఎవరి కడుపు నిండుతుందో చూసుకోవాలి.