ఊబి దాటించే బొమ్మ

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక ఊబి. అక్కడి జంతువులన్నింటికీ తలా ఒక మాయపలక ఉండేది. రాజు ఒప్పిన ముద్ర ఉన్న బొమ్మ పెడితేనే పలక వెలిగి, ఆ బొమ్మ కనిపించేది.

గిజిగాడు ఊబి దాటే దారి గీసేవాడు. వాన పడ్డప్పుడల్లా గట్టినేల చోటు మారేది. ఎగిరి చూసి, కొత్త బొమ్మ గీసి, రాజు అంగడిలో దోసెడు గింజలకు ఇచ్చేవాడు. ఆ గింజలే అతని పిల్లలకు తిండి.

ఒకనాడు నక్క సింహరాజుకు దణ్ణం పెట్టింది. "ప్రభూ! నా దగ్గర నూరుమంది పనివాళ్ళున్నారు. వాళ్ళ పలకల్లో మా ఇంటి పని బొమ్మలు పెట్టుకోవాలి. ఒక ఇంటిముద్ర ఇప్పించండి."

ఆ నూరుమంది ఏరీ అని రాజు అడగనే లేదు. ముద్ర ఇచ్చేశాడు.

నక్క గిజిగాడి బొమ్మ ఒకటి కొని, అతని పేరు గీకేసి, నకళ్ళు తీసి, ఇంటిముద్ర కొట్టింది. కొండవెనక కొట్టు తెరిచి పిడికెడు గింజలకే అమ్మింది. మొదట కుందేలు కొంది, తరువాత ఎలుగుబంటి. ఆఖరున జింక వచ్చి, "దొంగసరుకు కాదు కదా మామా?" అని అడిగింది.

"పలక వెలుగుతోందిగా! ఇంకేం కావాలి?" అంది నక్క.

జింక మళ్ళీ అడగలేదు. నిజం తెలుసుకోవాలని అడిగితే కదా!

గిజిగాడి పిల్లలు పస్తులున్నారు. అతడు ఏడుస్తూ రాజుకు మొరపెట్టుకున్నాడు. రాజు మండిపడి నక్క ముద్రను అక్కడికక్కడే రద్దు చేశాడు. ఆ ముద్ర ఉన్న బొమ్మలన్నీ ఒక్కసారే ఆరిపోయాయి.

అప్పుడు జింక, అవతలి ఒడ్డున కూనకు లేతగడ్డి మేపడం కోసం, దానితో ఊబి మధ్యలో ఉంది.

"అమ్మా, ఎటు?" అంది కూన. జింకకు తెలియదు.

కేక విని గిజిగాడు రివ్వున వచ్చాడు. "ఎడమకు!" అన్నాడు. "ముందుకు!" అన్నాడు. "గెంతు!" అన్నాడు. జింక గట్టెక్కింది. కూన ఎక్కలేదు.

మూడోనాడు నక్క పేరు మార్చుకొని ఇంకో ముద్ర తెచ్చుకుంది. కొట్టు ముందు మొదట నిలబడింది కుందేలే. ఏం చెప్పను!

జింక మాత్రం దోసెడు గింజలతో గిజిగాడి గూటికి వెళ్ళింది. "ఇవి నీ పిల్లలకు అన్నా. నాకిక బొమ్మ వద్దు. ఊబి దాటే పని లేదు."

పిల్లలూ, ఒకరి కష్టాన్ని దొంగిలించి అమ్మిన దారి ఎంత చవకైనా, అది మనల్ని ఒడ్డు చేరుస్తుందని నమ్మకూడదు.