కడ్డీ బలం

"పిడి ఒకటుంటే భూమినే ఎత్తేస్తాను," అన్నాడు ఆస్థాన మల్లుడు భీమప్ప. పిడి లేదు గనక భూమి బతికిపోయింది. ఆయన మాత్రం రెండు గుండ్లు గుచ్చిన ఇనుపకడ్డీని తలపైకెత్తి చూపించి, ఈ బలం నిలవాలంటే పాలమ్ముకునే పుల్లమ్మకున్న ఒక్క గేదే తనకు కావాలన్నాడు. రాజుగారు సరేననబోయారు.

"తోలుకెళ్లమనండి దొరా. కానీ బలం అయ్యగారిదో కడ్డీదో తేలాలిగా," అంది పుల్లమ్మ. "కడ్డీ తీసేసి, చేతికో గుండు ఎత్తమనండి. బరువు తగ్గేదే గానీ పెరిగేది కాదు."

భీమప్ప నవ్వుతూ ఎత్తాడు. కుడిచేతి గుండు పైకెళ్లింది. ఎడమది భుజం దగ్గరే వణికి కిందపడింది.

"అయితే పాలు కడ్డీకే పోస్తాను. పాపం, సగం మోసింది అదేగా," అంది పుల్లమ్మ.

రాజుగారు గేదెను ఆమెకే వదిలేసి, ఇదేమిటన్నట్టు మల్లుడి వంక చూశారు.

భీమప్ప తల దించుకున్నాడు. "ఎడమచెయ్యి చిన్నప్పట్నుంచీ కుడిచేతి కష్టం మీదే బతుకుతోంది ప్రభూ."