శ్యామదేశమున పసుపు పాదాల గౌరి వెలసిన కథ

దీపపు వత్తి సరిచేసి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని వినుడు. లేవలేని వారు పడుకొనియే వినవచ్చును, దోషము లేదు.

పూర్వము వింధ్య పర్వత ప్రాంతమున తపస్సు చేసికొనుచున్న ఋతకీర్తి మహామునిని సువ్రతుడను ముని దర్శించి యిట్లడిగెను. “స్వామీ, కలియుగమున మనుష్యులకు కలుగు దుఃఖములలో, కన్నబిడ్డ కదలలేకుండుటను మించినది లేదని వింటిని. అట్టి తల్లిదండ్రులు ఏ వ్రతము చేసిన ఊరట పొందుదురు?” ఋతకీర్తి, “పసుపు పాదాల గౌరి వ్రతమని యొకటి కలదు. దాని కథ రాబోవు కాలమున జరుగవలసినది. జరిగినట్లే చెప్పెదను” అని చెప్పసాగెను.

కృష్ణానది సముద్రమున కలియు సీమలో, అవనిగడ్డ యను ఊరిలో శివనాగులు అను రైతు, అతని భార్య తులసాంబ కాపురముండిరి. వారికి హైమ యని ఒక్కతే కూతురు. శ్రావణ శుక్రవారమున పసుపు పాదాల గౌరిని కొలుచుట ఆ ఇంట అత్తల నాటి ఆచారము. పీటపై బియ్యపుపిండితో రెండు పాదములు దిద్ది, పసుపు ముద్దతో గౌరిని చేసి నిలిపి, పూజ ముగిసిన పిదప మొదట ఇంటి ఆడపిల్ల పాదములకును, తరువాత పేరంటాండ్ర పాదములకును పసుపు రాయవలెను. హైమ పసుపు ఆరువరకు నిలువక గచ్చంతయు పరుగెత్తెడిది. తుడువలేక తల్లి విసుగుకొనెడిది.

ఒక యేడు కోతలైన పిదప హైమ తోటిపిల్లలతో గడ్డివామి నెక్కి జారుచు, పట్టు తప్పి దొడ్డిగోడపై పడెను. వెన్నెముక చితికెను. ప్రాణము దక్కెను గాని నడుము క్రింద స్పర్శ పోయెను. పెద్ద పట్టణముల వైద్యులు చూచి, ఇంతకు మించి తమ వల్ల కాదనిరి.

మరల శ్రావణము వచ్చెను. తులసాంబ గౌరి యెదుట చేతులు జోడించి, బిడ్డ లేచి నిలిచిన నాడు తన చేతులతో ఆ పాదములకు పసుపు రాసెదనని, అందాక రాయక దాచి యుంచెదనని మొక్కుకొనెను. పేరంటాండ్రందరికిని రాసి, మంచముపై నున్న బిడ్డను దాటి పోయెను. హైమ నాటి నుండి కాళ్ళపై దుప్పటి తీయనిచ్చెడిది కాదు.

రెండవ యేడును తులసాంబ అట్లే చేసెను. ఆ యేడు హైమ మడమకు పుండు పడెను. దుప్పటి క్రింద నుండుటచే, వాసన వచ్చువరకు ఎవరికిని తెలియలేదు.

ఇది విని సువ్రతుడు, “మహాత్మా, ప్రేమతో దాచినది తల్లికి దోషమగునా? అందుకై దేవి పసిదానిని శిక్షించునా?” యని అడిగెను. ఋతకీర్తి, “శిక్షింపలేదు నాయనా. పట్టు తప్పెను, బిడ్డ పడెను. అందు ఎవ్వరి పాపమును లేదు. ఆ పిమ్మటిది మనుష్యులు ఎరుగక చేసికొన్నది. పై కథ వినుము” అనెను.

శ్యామదేశమున, అనగా ఆ కాలపు వారు థాయిలాండు అను చోట, వెన్నెముకపై సన్నని తీగ నమర్చి విద్యుత్తు పంపి, చచ్చుబడిన కాళ్ళను మేల్కొలుపు క్రొత్త చికిత్సను పరీక్షించుచుండిరి. ఫలించునో లేదో చేయువారికే నిశ్చయము లేదు. అయినను దంపతులు బిడ్డను తీసికొని విమానమెక్కి సముద్రము దాటిరి. అక్కడి జిగురు అన్నము చూచి హైమ, “అమ్మా, దీంతో గోడకి కాగితాలు అంటించుకోవచ్చే” అనెను. చాల కాలమునకు బిడ్డ నవ్వగా చూచి తల్లి కన్నీరు తుడుచుకొనెను.

తీగ అమర్చిరి. ప్రతి ఉదయము హైమను పట్టీలతో నిలువున వ్రేలాడదీసి, కాలివ్రేలిని చూచి దానిని కదలుమని మనసులో ఆజ్ఞాపించమనిరి. హైమ కిటికీ వైపు చూచెడిది. తీగ సగము పని చేయును గాని తక్కిన సగము బిడ్డయే చేయవలెనని వైద్యుడు చెప్పెను. మాసాంతమునకు కదలిక లేనిచో పరీక్ష నుండి తొలగించి ఇంటికి పంపుదుమనెను. శివనాగులు, “ఒక్కసారి చూడమ్మా, మా తల్లివి కదా” యని బ్రతిమాలినను హైమ చూడలేదు.

ఇంతలో శ్రావణ శుక్రవారము వచ్చెను. తులసాంబ బసలోనే ఇంటి నుండి తెచ్చిన పసుపుతో గౌరిని నిలిపెను. ప్రక్క గదిలో అప్పలనర్సమ్మ యను ముదుసలి యుండెను. ఆమె పెద్దలు శ్రీకాకుళము నుండి మలయా దేశపు తోటలకు కూలికి పోయినవారు. కొబ్బరిచెట్టు నుండి పడిన మగనికి వైద్యము చేయించుటకు ఆమె వచ్చెను. తులసాంబ ఆమెను పిలిచి పాదములకు పసుపు రాసెను.

“మా ముసిలోడికీ కాసింత రాయి తల్లీ. డెబ్బయ్యేళ్ళకి చెట్టెక్కిన కాళ్ళు మరి” అని ముదుసలి నవ్వెను. అంతలో మంచము వైపు చూచి, “పిల్లకి ముందు రాయలేదేటి? మాకాడ ఇంటి పిల్లకే ముందు” అనెను.

తులసాంబ తన మొక్కు చెప్పెను.

“మొక్కు నువ్వు మొక్కినావు, పస్తు దాని కాళ్ళకి పెట్టినావు” అని ముదుసలి అనెను.

మంచముపై నుండి హైమ, “ఈ కాళ్ళు అమ్మకక్కర్లేదు మామ్మా. వేరేవి వస్తే వాటికి రాసుద్ది” అనెను.

తులసాంబ మొక్కు తప్పుచున్నానని భయపడుచునే మంచము చెంత కూర్చుండి దుప్పటి తీసెను. పాదములు సన్నబడి, గోళ్ళు పెరిగి, మడమపై పుండు మానిన మచ్చ యుండెను. ఆమె పసుపు తీసికొని రాయసాగెను.

“చల్లగా ఉందా అని అడగవేం?” అని హైమ అనెను.

“ఉందా తల్లీ?”

“తెలీదు. అయినా అడుగు.” కొంత సేపటికి, “వేళ్ళ మధ్య రాయలేదు. అటుపక్క” అని చెప్పెను. చూడనిదే అట్లు చెప్పుట సాధ్యము కాదు గదా.

మరునాటి నుండి హైమ తన పాదములను చూచుచు కదలుమనెను. అవి చాల దినములు మాట వినలేదు. మాసము ముగియవచ్చు వేళ ఎడమకాలి బొటనవ్రేలు, బియ్యపుగింజ దొర్లినంత, కదలెను. వైద్యులు వారిని ఉండుమనిరి. తుదకు హైమ కాళ్ళకు ఊతములు కట్టుకొని, కమ్మీలు పట్టుకొని, కొంత తడవు నిలువగలిగెను. పిమ్మట చక్రాల కుర్చీలోనే ఇల్లు చేరెను.

సువ్రతుడు, “స్వామీ, ఆ బిడ్డ నడిచెనా?” యని అడిగెను. ఋతకీర్తి, “నాకు కనిపించినంత వరకు నడువలేదు. ఆ పైన కనిపింపలేదు” అనెను. తల్లి కోరిక మానెనా యని అడుగగా, “మానలేదు. ప్రతి శ్రావణమున ముందుగా ఆ పాదములకే పసుపు రాయుచు, లేచి నడువుమని లోలోపల వేడుచునే యుండెను. దేవి అది తప్పనలేదు. ఆ ముదుసలి గౌరియే యని కొందరందురు. మరునాడు ఆమె మగనితో పోట్లాడుచు కుర్చీ త్రోయుచుండెను గనుక నేను నిశ్చయించి చెప్పజాలను” అనెను.

కావున మంచము పట్టిన బిడ్డలు గల తల్లులును, వైద్యమునకై దూరదేశములకు పోవువారును, ఫలము తెలియక ఎదురుచూచువారును ఈ వ్రతము చేయవలెను. తండ్రులును రాయవచ్చును. ఇంటికి వచ్చిన పిదప శివనాగులు రాసెను, గౌరి కోపింపలేదు. పసుపు దొరకనిచోట గోరువెచ్చని నీరు చాలును. ఇట్లు చేసినచో లేవవలసిన వారు లేతురు. లేవని వారికి తమ ఇంట తాము దాగియుండు బాధ తొలగును. కోరిక తీరని తల్లికి, కోరుటకు బలము తరుగదు.

ఇప్పుడు అక్షతలు తీసికొని, మొదట ఇంటిలో పడుకొని యున్న వారి పాదములపై వేసి, అటుపిమ్మట మీ తలలపై వేసికొనుడు.